బలానికి పోసిన మందు ఆకలిని ఎందుకు చంపుతుంది

మూడో ఈత గ్రేడెడ్ ముర్రా గేదె. ఈని పన్నెండు రోజులైంది, రోజుకు పది లీటర్లు ఇస్తోంది. రెండు రోజులుగా దాణా తొట్టిలో మూతి పెట్టి, వాసన చూసి, మొహం తిప్పేసుకుంటోంది. వరిగడ్డి వేస్తే మాత్రం నిదానంగా నములుతోంది. ఇంట్లో పెద్దావిడ బెల్లం, శొంఠి కలిపి పోయమంటుంది. మందుల షాపతను ‘ఎనర్జీ టానిక్ పొయ్యండి, మేత బాగా తింటుంది’ అని లీటరు డబ్బా చేతిలో పెడతాడు. పక్క దొడ్డి రైతు బైపాస్ ఫ్యాట్, అంటే పెద్దపొట్టలో విడిపోకుండా పేగుకు చేరే కొవ్వు, పెట్టి చూడమంటాడు. మూడూ బలానికే. కానీ ఆకలి మీద మూడింటి పనీ ఒకటి కాదు. ఒకటి పోయిన ఆకలిని తిరిగి తేగలదు. ఒకటి ఉన్న ఆకలిని కూడా తగ్గించగలదు. ఇంకొకటి మోతాదును బట్టి అటో ఇటో తిరుగుతుంది.

అసలు ‘శక్తినిచ్చి ఆకలి పెంచే మందు’ అనే మాటలోనే మెలిక ఉంది. ఒంటికి శక్తి చాలనప్పుడు ఆకలి వేస్తుంది, శక్తి అందితే ఆకలి తీరుతుంది. మరి బయటి నుంచి శక్తి పోస్తే ఆకలి తగ్గాలి కదా? ఆరోగ్యంగా ఉన్న పశువులో నిజంగా జరిగేది చాలాసార్లు అదే. టానిక్ పోసినా మేత పెరిగిందంటే, ఆ పశువులో శక్తి తయారయ్యే దారిలో ఎక్కడో ఏదో ఇరుక్కుని ఉందని, ఆ మందు దాన్ని వదిలించిందని అర్థం. ఎక్కడ ఇరుక్కుందో తెలియకుండా డబ్బా మూత తీస్తే డబ్బు పోతుంది, ఒక్కోసారి పశువు కూడా పోతుంది.

కాలేయం కొట్టే గంట

రక్తంలో గ్లూకోజ్ తగ్గితే ఆకలి, పెరిగితే తృప్తి అన్న సిద్ధాంతాన్ని జీన్ మేయర్ 1950లలో చెప్పాడు. మనిషికీ ఎలుకకీ కొంతవరకు సరిపోయింది కానీ నెమరువేసే పశువు దగ్గర తేలిపోయింది. ఆవు రక్తంలో గ్లూకోజ్ మామూలుగానే మనలో సగం కాస్త పైన ఉంటుంది. నేరుగా రక్తనాళంలోకి గ్లూకోజ్ ఎక్కించినా మేత పెద్దగా తగ్గదు. ఎందుకంటే ఆవూ గేదే తిన్న పిండిపదార్థం గ్లూకోజ్‌గా పేగులోకి చేరేది బహు తక్కువ. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని ముందే పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే మూడు ఆమ్లాలుగా మారుస్తాయి. వీటిలో ప్రొపియోనేట్ కాలేయానికి వెళ్లి గ్లూకోజ్‌గా తయారవుతుంది. పాడి పశువుకు గ్లూకోజ్ ప్రధానంగా వచ్చేది ఈ దారినే.

ఇక్కడే అసలు విషయం దొరికింది. గొర్రెల కాలేయానికి వెళ్లే రక్తనాళంలోకి ప్రొపియోనేట్ ఎక్కిస్తే అవి మేత తగ్గించేవి. కాలేయం నరాలను తెంచి మళ్లీ ఎక్కిస్తే ఆ ప్రభావం కనిపించలేదు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఫోర్బ్స్ బృందం చేసిన పని ఇది. అమెరికాలో మోనెల్ సంస్థకు చెందిన మార్క్ ఫ్రీడ్‌మన్ ఎలుకల్లో తిరగేసి చూపించాడు. కాలేయంలో ఏటీపీని, అంటే కణాలు వాడుకునే శక్తిని తగ్గించే ఒక రకం చక్కెర ఇస్తే ఎలుకలు ఆబగా తిన్నాయి. కాలేయానికి వెళ్లే వేగస్ నరం కొమ్మను కోసేస్తే ఆ ఆబ పోయింది.

ఈ ముక్కలన్నీ కలిపి మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ అలెన్, తన సహచరులు బ్రాడ్‌ఫర్డ్, ఓబాలతో కలిసి 2009లో పాడి పశువులకు ఒక సిద్ధాంతంగా పేర్చాడు. సారాంశం ఇది: కాలేయం తన దగ్గరికి ఎంత ఇంధనం వచ్చిందని చూడదు, అందులో ఎంత మండిందని చూస్తుంది. మంట పెరిగి ఏటీపీ పెరిగితే నరం ద్వారా మెదడుకు ‘చాలు’ అని కబురు వెళుతుంది, మంట తగ్గితే ‘ఇంకా పెట్టు’ అని వెళుతుంది. కడుపు నిండటం, పేగు విడుదల చేసే హార్మోన్లు, కొవ్వు కణాలు వదిలే లెప్టిన్ అనే హార్మోన్ కూడా ఆకలిని నడుపుతాయి. కాలేయం పాత్ర ఎంత అన్నదానిపై శాస్త్రవేత్తల వాదన ఇంకా తెగలేదు. అయినా పాకలో మనకు ఎదురయ్యే చిక్కుముళ్లను విప్పడానికి ఇంతకన్నా పనికొచ్చే పనిముట్టు ఇంకోటి కనిపించదు.

ఈనిన గేదె దాణా వదిలి గడ్డి తినడం వెనుక

ఈనే ముందు చివరి మూడు వారాల్లో పశువు తినేది దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. ఈనాక పాలు నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో గరిష్ఠానికి చేరతాయి. మేత మాత్రం పది నుంచి పద్నాలుగు వారాలకు గానీ గరిష్ఠానికి రాదు. ఈ మధ్యలో పడే లోటును ఒంట్లో కొవ్వు కరిగి పూడుస్తుంది. కరిగిన కొవ్వు ఆమ్లాలు రక్తంలో కలిసి కాలేయానికి గుంపుగా చేరతాయి.

కాలేయం వాటిని పూర్తిగా కాల్చాలంటే ఆక్సలోఎసిటేట్ అనే పదార్థం తోడుండాలి. పాలలోని లాక్టోజ్ కోసం గ్లూకోజ్ తయారుచేసే పనిలో అదే పదార్థం ఖర్చయిపోతుంటుంది. అంటే పొయ్యి నిండా కట్టెలున్నాయి, గాలి ఆడటం లేదు. సగం కాలి పొగ వస్తుంది. ఆ పొగే కీటోన్లు. రక్తంలో బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్ లీటరుకు 1.2 మిల్లీమోల్ దాటితే పైకి కనపడని కీటోసిస్. 3 చేరేసరికి చాలా పశువుల్లో లక్షణాలు బయటపడతాయి: దాణా ముట్టదు, పాలు పడిపోతాయి, చిక్కిపోతుంది, పేడ గట్టిపడుతుంది, నోటి నుంచి, మూత్రం నుంచి మగ్గిన పండులాంటి తియ్యటి వాసన వస్తుంది. ఆ వాసన అందరి ముక్కుకూ అందదు, కాబట్టి వాసన లేదని కీటోసిస్ కాదనుకోవద్దు.

ఇలాంటి కాలేయం దగ్గరికి ఒక్కసారిగా ప్రొపియోనేట్ వస్తే ఏమవుతుంది? ప్రొపియోనేట్ కాలేయంలో ఆ లోటుపడ్డ పదార్థంగా మారుతుంది, అంటే పొయ్యిలోకి గాలి ఊదినట్టు. పేరుకున్న కట్టెలు భగ్గున మండుతాయి, ‘చాలు’ అనే కబురు వెంటనే వెళుతుంది, పశువు నాలుగు గుక్కలు తిని తొట్టి వదిలేస్తుంది. త్వరగా పులిసే పిండిపదార్థం ఎంత ఎక్కువైతే ఇది అంత గట్టిగా ఉంటుంది. ఉడకబెట్టిన నూకల జావ, మెత్తగా ఆడించిన గోధుమ, సన్నటి మొక్కజొన్న పిండి ఈ కోవలోవి. గడ్డి నిదానంగా పులుస్తుంది, ప్రధానంగా ఎసిటేట్ ఇస్తుంది, ఎసిటేట్‌ను కాలేయం పెద్దగా వాడుకోదు. కీటోసిస్ గేదె మొదట దాణా మాని, తర్వాత సైలేజీ (పాతర గడ్డి) మాని, చివరిదాకా ఎండుగడ్డి పట్టుకునే ఉండటం పశువైద్యులందరూ ఎరిగిన లక్షణమే. ఈ లెక్కకు అది సరిగ్గా అమరుతుంది.

కాబట్టి ఈనిన మొదటి రెండు వారాల్లో ‘బలంగా ఉండాలి’ అని జావ పెంచడం తిరగబడే పని. మొక్కజొన్నను రవ్వగా పగలగొట్టించి పెట్టడం, దాణాను రెండు పూటలకు బదులు నాలుగు సార్లుగా విడగొట్టడం, రెండు రోజులకు అరకిలోకు మించి పెంచకపోవడం, దాణాకు ముందు కొంత గడ్డి కడుపులో పడేలా చూడటం నయం. దీనికి పైసా ఖర్చు లేదు. బహుశా అందుకే ఎవరూ అమ్మరు.

బెల్లం, సెలైన్ సీసా, ప్రొపిలీన్ గ్లైకాల్

బెల్లం పోస్తే గ్లూకోజ్ వస్తుందన్నది మన ఒంటి లెక్క. గేదెలో బెల్లం పెద్దపొట్టలోనే ఆగుతుంది, గంటలో పులుస్తుంది, చక్కెరలు పులిసినప్పుడు బ్యూటిరేట్ వాటా పెరుగుతుంది. బ్యూటిరేట్ నేరుగా కీటోన్‌గా మారే సరుకు. పావుకిలో బెల్లం, శొంఠి, మిరియాలతో కలిపి ఈనిన రోజున పోస్తే హానేమీ లేదు. వేడి, ఘాటు, నాలుగు లీటర్ల గోరువెచ్చటి నీళ్లు లోపలికి వెళ్లడం అలసిన పశువుకు మంచివే. కీటోసిస్‌కు మందనుకుని రోజూ కిలో, కిలోన్నర పోస్తే మాత్రం పొట్ట పులిసి, ఉన్న నెమరు కూడా ఆగుతుంది.

రక్తనాళంలోకి ఎక్కించే డెక్స్ట్రోజ్, అంటే గ్లూకోజే, పెద్దపొట్టను దాటవేస్తుంది, అదే దాని బలం. బలహీనత లెక్కలో ఉంది. కిలో పాలు తయారవడానికి సుమారు 72 గ్రాముల గ్లూకోజ్ కావాలని ఆవుల్లో అంచనా. అంటే పది లీటర్లకు 700 గ్రాములు. 25 శాతం డెక్స్ట్రోజ్ అర లీటరు సీసాలో ఉండేది 125 గ్రాములు. అందులో కొంత మూత్రంలో పోతుంది, రక్తంలో పెరిగిన మట్టం రెండు మూడు గంటల్లో మళ్లీ కిందికి వస్తుంది. పడిపోయిన పశువును లేపడానికి సీసా అవసరమే. మేత మళ్లీ నిలబడాలంటే దాని వెనకాలే రోజుల తరబడి పనిచేసేది ఇంకొకటి ఉండాలి.

ఆ ఇంకొకటి ప్రొపిలీన్ గ్లైకాల్ అనే తాగించే ద్రవం. ఇందులో కొంత పెద్దపొట్టలో ప్రొపియోనేట్ అవుతుంది, మిగతాది అలాగే రక్తంలో కలిసి కాలేయంలో గ్లూకోజ్ అవుతుంది. అరగంటలోనే రక్తంలో ఇన్సులిన్ లేస్తుంది. ఆకలికి కీలకం గ్లూకోజ్ కన్నా ఈ ఇన్సులిన్‌లో ఉంది. ఇన్సులిన్ కొవ్వు కరగడాన్ని ఆపుతుంది, కాలేయానికి వచ్చే కట్టెల మోపులు తగ్గుతాయి, రోజంతా రగులుతూ ఉన్న పొయ్యి చల్లబడి ‘ఇంకా పెట్టు’ అనే కబురు మళ్లీ మొదలవుతుంది. ఆకలి తిరిగి రావడం ఇలా. కాలేయానికి శక్తి అందినందుకు కాదు, దాని మీది భారం దిగినందుకు.

మోతాదు: పెద్ద గేదెకు, ఆవుకు రోజుకు ఒకసారి 300 మిల్లీలీటర్లు, మూడు నుంచి ఐదు రోజులు, ఒకే విడతగా తాగించాలి. ఇన్సులిన్ ఒక్కసారిగా లేవాలి కాబట్టి ఒకే విడత. అదే 300 మిల్లీలీటర్లను రోజంతా దాణాలో కలిపి పెడితే ఆ ఎత్తు రాదు. పైగా దాని రుచి నచ్చక ఉన్న మేత కూడా తగ్గుతుంది. అర లీటరు దాటించి రోజుల తరబడి పోస్తే పశువు ఊగుతుంది, చొంగ కారుస్తుంది, మత్తుగా పడి ఉంటుంది. రేడియేటర్‌లో పోసే కూలెంట్ ఇది కాదు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. పేరు దగ్గరగా ఉందని పొరబడకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే ఈ డబ్బా దాని దరికి పోనీయొద్దు: పిల్లి రక్తకణాలను ఇది దెబ్బతీస్తుంది, అమెరికాలో పిల్లుల ఆహారంలో దీన్ని 1996లో నిషేధించారు.

ఇక డబ్బా మీది అక్షరాలు. ‘ఎనర్జీ టానిక్’ అని రాసినంత మాత్రాన అందులో ఎంత గ్లైకాల్ ఉందో తెలియదు. వంద మిల్లీలీటర్లలో 30 గ్రాములుండి, రోజుకు 50 మిల్లీలీటర్ల చొప్పున రెండుసార్లు పోయమంటే, పశువుకు అందేది 30 గ్రాములు. కావాల్సింది సుమారు 300. పదో వంతుతో ఇన్సులిన్ కదలదు. ఇలాంటి డబ్బాతో పశువు బాగుపడిందంటే అది తనంతట తానే బాగుపడింది.

గ్లిజరాల్ (గ్లిజరిన్) కూడా ఇదే పనికి వాడతారు, కానీ తాగిస్తేనే. తాగించినప్పుడు చాలా భాగం పెద్దపొట్ట దాటి కాలేయానికి చేరుతుంది. దాణా మీద చల్లితే సూక్ష్మజీవులు ప్రొపియోనేట్‌తో పాటు బ్యూటిరేట్ కూడా చేసేస్తాయి, కీటోన్లు తగ్గాల్సింది పోయి పెరగొచ్చు.

బైపాస్ ఫ్యాట్: ఇచ్చి పుచ్చుకునే లెక్క

కొవ్వు ఆకలిని రెండు వైపుల నుంచి తగ్గిస్తుంది. పేగులోకి కొవ్వు, ముఖ్యంగా అసంతృప్త కొవ్వు చేరగానే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ విడుదలై, పొట్ట కదలికలను మందగింపజేసి, మెదడుకు తృప్తి కబురు పంపుతుంది. పీల్చుకున్నాక కాలేయంలో మండి రెండో కబురు పంపుతుంది. అందుకే పామాయిల్ కాల్షియం సబ్బు రకం బైపాస్ ఫ్యాట్ పెట్టినప్పుడు మేత కాస్త తగ్గడం మామూలే. గట్టి పలుకులుగా వచ్చే సంతృప్త కొవ్వుతో ఈ తగ్గుదల తక్కువ.

తగ్గినా లాభమేనా? ఒక అంచనా వేసి చూద్దాం. కాల్షియం సబ్బు 200 గ్రాములు పాలకు పనికొచ్చే శక్తిగా సుమారు 1 మెగాకేలరీ ఇస్తుంది. మన గడ్డి, దాణా కలిపిన మేతలో కిలో ఎండు పదార్థానికి 1.4 మెగాకేలరీలు అనుకుందాం. మేత 300 గ్రాములు తగ్గితే పోయేది 0.4, మిగిలేది 0.6. లాభమే. ముప్పావు కిలో తగ్గితే ఇచ్చిందంతా పోయినట్టే. పైగా ఆ ముప్పావు కిలోతో పాటు వెళ్లాల్సిన మాంసకృత్తులు, ఖనిజాలు కూడా పోయాయి, ఆ నష్టం మెగాకేలరీల్లో కనపడదు. కాబట్టి 200 గ్రాములతో మొదలుపెట్టకూడదు. 50 నుంచి మొదలుపెట్టి వారం పది రోజుల్లో 150కి తేవాలి, తొట్టిలో మిగిలేది చూస్తూ పెంచాలి.

మన దగ్గర ఇంకో ఉచ్చు ఉంది, తవుడు. మొత్తం కొవ్వు మేతలో ఎండు పదార్థం మీద 6 శాతం, మహా అయితే 7 దాటితే పీచును అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. 12 కిలోల ఎండు పదార్థం తినే గేదెకు 6 శాతమంటే 720 గ్రాములు. నూనె తీయని తవుడు మూడు కిలోలు పెడితే, 15 శాతం చొప్పున 450 గ్రాములు అక్కడే వచ్చేశాయి. కిలో పత్తి గింజలతో ఇంకో 190. గడ్డి, చొప్ప నుంచి 140. మొత్తం 780. బైపాస్ ఫ్యాట్ సంచి ఇంకా విప్పనే లేదు! తవుడు, పత్తి గింజలు పెట్టే పాకలో మేత తగ్గి, పాలలో వెన్న శాతం పడిపోయి, ‘ఆ కంపెనీ ఫ్యాట్ మంచిది కాదు’ అనే ఫిర్యాదు వస్తే, ముందు చూడాల్సింది తవుడు బస్తా. నూనె తీసిన తవుడులో ఈ చిక్కు లేదు.

పులుపు సంగతీ ఒకటుంది. కాల్షియం సబ్బు పెద్దపొట్ట దాటేది అక్కడి పీహెచ్ (పులుపు పెరిగితే తగ్గే అంకె) 6కు పైన ఉన్నప్పుడు. జావ ఎక్కువై పొట్ట పులిసిందంటే సబ్బు విడిపోయి మామూలు నూనెలాగే పనిచేస్తుంది. పేరుకే బైపాస్, దారి మాత్రం పాతదే.

చూడి చివర్లో బలిసిన గేదెకు ఇవేవీ అంతగా పట్టవు. ఒంటి కొవ్వు అయిదుకు నాలుగు స్కోరుతో ఈనిన పశువు మొదటి నుంచే తక్కువ తింటుంది, ఎక్కువ కరుగుతుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ డ్రాక్లీ బృందం వట్టిపోయిన కాలంలో మేతను గోధుమ గడ్డితో పలచన చేసి, కడుపు నిండా తిననిచ్చి, శక్తిని మాత్రం అవసరానికి మించనివ్వని పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. మన వరిగడ్డి ఈ పనికి బాగానే ఒదుగుతుంది. పాలివ్వని రెండు నెలలూ ‘ఈసారి బాగా ఇవ్వాలి’ అని దాణా దంచి పెట్టడమే ఈనాక ఆకలి చావడానికి పునాది. స్కోరు 3 నుంచి 3.5 మధ్య ఉంటే చాలు: పక్కటెముకలు కనిపించకూడదు, చేయి అదిమితే తగలాలి.

ఆకలిని నిజంగా పెంచిన గులకరాయి

శక్తి దారిలో ఒక చిన్న మర ఊడిపోతే ఆకలి పూర్తిగా చచ్చిపోతుందని, దాన్ని బిగిస్తే తిరిగి వస్తుందని చెప్పడానికి కోబాల్ట్ అనే లోహం కథను మించింది లేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో డెన్మార్క్ అనే ప్రాంతంలో పచ్చిక మోకాలెత్తు ఉన్నా పశువులు తినడం మాని, ఎండిపోయి చచ్చిపోయేవి. ఇనుప లోపమనుకుని లిమోనైట్ అనే ఇనుప ఖనిజం పెడితే బాగుపడ్డాయి. కానీ ఇనుమంతా తీసేసిన లిమోనైట్ సారంతో కూడా అలాగే బాగుపడ్డాయి. 1935లో అండర్‌వుడ్, ఫిల్మర్ దానిలో పనిచేసేది ఇనుముకు అంటుకున్న పిసరంత కోబాల్ట్ అని తేల్చారు.

కోబాల్ట్‌తో పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు బి12 విటమిన్ తయారుచేస్తాయి. ప్రొపియోనేట్ కాలేయంలో గ్లూకోజ్‌గా మారే దారిలో ఒక మెట్టు దగ్గర బి12 తప్పనిసరి. అది లేకపోతే ప్రొపియోనేట్ రక్తంలోంచి త్వరగా తొలగదు. పేరుకున్న కొద్దీ మేత తగ్గుతుంది. అందుకే కోబాల్ట్ లోపంలో అన్నిటికన్నా ముందు కనిపించేది ఆకలి లేకపోవడం. కోబాల్ట్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తే ఫలితం రాదు, పొట్టలోకి వెళ్లాలి. బి12ను ఇంజెక్షన్‌గా ఇస్తే పనిచేస్తుంది. మందు ఒకటే, దారి మారితే వ్యర్థం.

అవసరం ఎంత? మేతలో కిలో ఎండు పదార్థానికి 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాములు, అంటే 12 కిలోలు తినే గేదెకు రోజుకు ఒకటి నుంచి రెండున్నర మిల్లీగ్రాములు. ఖనిజ మిశ్రమం ప్యాకెట్ మీద కోబాల్ట్ 0.012 శాతం అని ఉంటే, రోజుకు 50 గ్రాములు పెట్టినప్పుడు 6 మిల్లీగ్రాములు అందుతాయి. సరిపోయి మిగులుతుంది. అప్పటికే ఖనిజ మిశ్రమం సరిగ్గా తింటున్న పశువుకు బి12 సూదులు వరసగా పొడిపిస్తే కొత్తగా పెరిగే ఆకలి ఏమీ ఉండదు.

భాస్వరం కూడా ఇదే బాపతు. ఏటీపీలో ‘పీ’ అంటే ఫాస్ఫేట్, భాస్వరం ఉన్న భాగం. అది తగ్గిన పశువు మేత మాని మట్టి, గోడలు, ఎముకలు, గుడ్డపేలికలు నాకుతుంది. ఈనిన గేదెల్లో మరీ తగ్గితే రక్తకణాలు పగిలి మూత్రం కాఫీ రంగులో వస్తుంది, అప్పుడు టానిక్‌ల కోసం వెతకకుండా గంటల్లో వైద్యుణ్ణి పిలవాలి. బి1 విటమిన్ మామూలుగా పెద్దపొట్టలోనే తయారవుతుంది. పొట్ట పులిసినప్పుడు తగ్గుతుంది, అందుకే పులిసిన పశువుకు వైద్యులు బి1 కూడా ఇస్తారు. నయాసిన్, కోలిన్ అనే పోషకాలు పెద్దపొట్టలో దాదాపు నాశనమైపోతాయి. పూతపూసిన రకమైతేనే కొనాలి. పూతపూసిన కోలిన్ కాలేయం నుంచి కొవ్వును బయటికి తోలడానికి సాయపడుతుంది, ఈనే ముందు మూడు వారాలు, ఈనాక మూడు వారాలు ఇస్తే మేత, పాలు కొద్దిగా పెరుగుతాయి. దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు ప్రొపియోనేట్‌ను పెంచుతుంది కాబట్టి మేతను రెండు మూడు శాతం తగ్గిస్తుంది, పాలు తగ్గవు. అంటే ఇది ఆకలి మందు కాదు, మేత పొదుపు మందు. అది కలిపిన దాణా గుర్రం తింటే చచ్చిపోతుంది.

కోడి లెక్క వేరు

గుడ్లు పెట్టే లేయర్ కోడికి పెద్దపొట్ట లేదు. అది చాలావరకు కేలరీలు లెక్కపెట్టుకుని తింటుంది. రోజుకు 290 కిలో కేలరీలు కావాల్సిన కోడి, కిలోకు 2,600 ఉన్న మేతను 111 గ్రాములు తింటుంది. టన్నులో 20 కిలోల నూనె తవుడు చెక్కకు బదులుగా పోస్తే మేత 2,730కి చేరుతుంది. కోడి 106 గ్రాములతో ఆపేస్తుంది. అయిదు గ్రాములే కదా అనిపిస్తుంది. మేతలో కాల్షియం 3.8 శాతమే ఉంచితే అందేది 4.2 గ్రాముల నుంచి 4 గ్రాములకు పడిపోతుంది, మాంసకృత్తులు కూడా అదే నిష్పత్తిలో పడతాయి. నెల తిరిగేసరికి పెంకు పలచబడి, ట్రేలో పగుళ్లు పెరిగి, గుడ్డు బరువు తగ్గి, తప్పు షెల్ గ్రిట్ మీదికో కోడి వయసు మీదికో పోతుంది. నూనె పోసినప్పుడు మేతలో ప్రతి పోషకాన్నీ అయిదు శాతం పైకి జరపాలి. కాల్షియం 4 శాతం, మెథియోనిన్ (మాంసకృత్తుల్లోని ఒక భాగం) 0.38 శాతం ఉంటే 0.40.

వేసవిలో మాత్రం ఇదే నూనె మిత్రుడు. మే నెల ఎండకు కోడి 90, 95 గ్రాముల దగ్గర ఆగినప్పుడు దాన్ని ఆపుతున్నది శక్తి తృప్తి కాదు, ఒంటి వేడి. పిండి, మాంసకృత్తులు అరిగేటప్పుడు పుట్టే వేడి కన్నా నూనె అరిగేటప్పుడు పుట్టేది తక్కువ. అందుకే అదే కొద్ది మేతతో ఎక్కువ శక్తి అందుతుంది. ఫిబ్రవరిలో మేతను తగ్గించిన చేర్పే మే నెలలో కోడిని నిలబెడుతుంది.

డబ్బా మూత తీసే ముందు

మళ్లీ పన్నెండో రోజు గేదె దగ్గరికి. ముందు థర్మామీటర్. 101 నుంచి 102 డిగ్రీలు మామూలు. 103 దాటితే ఆకలిని చంపింది జ్వరం, కారణం గర్భసంచిలోనో పొదుగులోనో ఉంటుంది. మాయ పూర్తిగా పడిందా, దుర్వాసన ఉందా చూడాలి. అక్కడ గ్లైకాల్ పోసి కూర్చుంటే రెండు రోజులు వృథా. తర్వాత చెవులు, కొమ్ముల మొదళ్లు పట్టుకుని చూడాలి. చల్లగా ఉండి, పేడ వేయక, ఎడమ దొక్కలో పొట్ట కదలిక మందంగా ఉంటే కాల్షియం తక్కువై ఉండొచ్చు. కాల్షియం తగ్గితే పొట్ట కండరమే కదలదు, ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ తర్వాత మూత్రం. రొథెరా పొడి చిటికెడు మీద రెండు మూడు చుక్కలు వేస్తే ఊదా రంగు తిరగడం కీటోన్లకు గుర్తు. మూత్రంలో లేత ఊదా రంగు వచ్చినంత మాత్రాన కంగారు అక్కర్లేదు. పాలతో చేసినప్పుడు కూడా ఊదా తిరిగితే నమ్మొచ్చు. రక్తంలో కీటోన్ చూసే చిన్న మీటర్లు ఇప్పుడు చాలామంది వైద్యుల దగ్గర ఉంటున్నాయి, ఒక చుక్కతో 1.2 పైనా కిందా తేలిపోతుంది.

తాగించడంలోనే ఎక్కువ పశువులు పాడవుతాయి. తల నేలకు సమాంతరంగా, మూతి కాస్త పైకి ఉంటే చాలు. తల ఆకాశానికి ఎత్తి పట్టకూడదు, నాలుక బయటికి లాగకూడదు. లాగితే గుటక పడదు. సీసా మూతిని పెదవి మూలనుంచి పెట్టి, 50 మిల్లీలీటర్ల చొప్పున వంచి, గొంతు కదిలాకే మళ్లీ వంచాలి. పొలమారిందా, వెంటనే తల వదిలేయాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన గ్లైకాల్‌కూ నూనెకూ మందు దొరకడం కష్టం. పడుకుని మెడ వంచి ఉన్న, మత్తులో ఉన్న పశువుకు నోటి ద్వారా ఏమీ పోయకూడదు.

మొదలుపెట్టాక తొట్టి దగ్గర చిన్న త్రాసు ఉంచండి. పొద్దున వేసిన దాణా ఎంత, మర్నాడు పొద్దున మిగిలింది ఎంత, గోడ మీద సుద్దతో రాయండి. కీటోసిస్ అయి ఉంటే రెండో రోజుకో మూడో రోజుకో మిగులు తగ్గడం కనపడాలి. మూడో రోజు కూడా మిగులు అంతే ఉంటే నాలుగో డోసు పోయొద్దు. పొట్ట నాలుగో గది ఎడమ పక్కకు జరిగిందేమో, మేతలో పడ్డ తీగముక్క గుచ్చుకుందేమో వైద్యుడు చెవి పెట్టి వినాలి.